కట్నం ఇచ్చినంత మాత్రాన వాటా తీరిపోదు

‘ఆడపిల్లకు ఇవ్వాల్సింది పెళ్లప్పుడే ఇచ్చేశాం, ఇప్పుడు మళ్లీ ఆస్తిలో వాటా ఏమిటి?’ తెలుగు నేల మీద ఆస్తి పంపకాలు జరిగే ఇళ్లలో ఈ మాట వినిపించని ఇల్లు అరుదు. పల్లెలో పెద్దమనుషులు ఈ మాట మీదే తీర్పు చెబుతారు. నగరంలో చదువుకున్న అన్నదమ్ములు దీన్నే కాస్త నాజూకుగా చెబుతారు. వాటా పోగొట్టుకుంటున్న ఆడపడుచుల్లోనూ చాలామంది నిజమేనని నమ్ముతారు. ఈ వాదన బలమంతా చూడ్డానికి న్యాయంగా కనిపించడంలోనే ఉంది. కూతురికి ఏమీ ఇవ్వం అని ఎవరూ అనడం లేదు కదా, ముందే ఇచ్చాం అంటున్నారు. కొడుక్కి పొలం, కూతురికి కట్నం. లెక్క సరిపోయింది అంటున్నారు. కానీ ఆ లెక్క సరిపోదు. చట్టం దృష్టిలో అది చెల్లదు. కూడికలు తీసివేతలు వేసి చూసినా నిలవదు. అన్నిటికంటే ముఖ్యంగా, కట్నం అనే దురాచారాన్ని రూపుమాపడానికి వచ్చిన హక్కుని ఆ కట్నంతోనే కొట్టేసే పద్ధతి ఇది.

ముందు చట్టం ఏం చెబుతోందో చూద్దాం. ఆడపిల్లకు ఆస్తి హక్కు ఈ మధ్యనే వచ్చిందన్నది మొదటి అపోహ. తండ్రి స్వార్జితం విషయంలో హిందూ వారసత్వ చట్టం 1956 నుంచే కూతురిని కొడుకుతో సమానం చేసింది. తండ్రి వీలునామా రాయకుండా పోతే కొడుకు, కూతురు, భార్య, తల్లి అందరూ మొదటి తరగతి వారసులే. పెళ్లయిందా లేదా అన్న ప్రశ్న అక్కడ లేనే లేదు. తేడా అంతా పిత్రార్జితమైన ఉమ్మడి ఆస్తిలో ఉండేది. అందులో పుట్టుకతో హక్కు మగపిల్లలకే ఉండేది. ఆ గోడని దేశంలో మొదట కూల్చిన రాష్ట్రాల్లో మనదీ ఒకటి. ఎన్.టి. రామారావు ప్రభుత్వ హయాంలో వచ్చిన ఆంధ్రప్రదేశ్ సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి కూతురికీ పుట్టుకతో హక్కు ఇచ్చింది. కాకపోతే ఆ తేదీకి ముందే పెళ్లయిపోయిన కూతుళ్లని పక్కన పెట్టింది. తర్వాత 2005 సెప్టెంబరు 9న అమల్లోకి వచ్చిన కేంద్ర సవరణ ఆ మినహాయింపునీ తీసేసింది. ఆ రోజుకి తండ్రి బతికి ఉండాలా అన్న సందేహం మీద కోర్టుల్లో చాలా ఏళ్లు తర్జనభర్జనలు జరిగాయి. 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ సందేహం తీర్చేసింది. హక్కు పుట్టుకతో వచ్చేది కాబట్టి తండ్రి అప్పటికి బతికి ఉన్నాడా లేదా అన్నదానితో పనిలేదని తేల్చింది. ఇన్ని మెట్లలో ఎక్కడా, ఏ సెక్షన్‌లోనూ, ‘కట్నం తీసుకున్న కూతురు తప్ప’ అన్న మాట లేదు.

లేకపోవడమే కాదు, 1985 నాటి సవరణ పీఠికలో దానికి పూర్తిగా వ్యతిరేకమైన ఉద్దేశం ఉంది. ఉమ్మడి ఆస్తి నుంచి కూతురిని వెలివేయడం రాజ్యాంగం చెప్పిన సమానత్వానికి విరుద్ధమని ఆ పీఠిక అంది. వరకట్నమనే దురాచారాన్ని నిర్మూలించాలన్న లక్ష్యాన్ని కూడా అక్కడే చెప్పుకుంది. అంటే శాసనకర్తల తర్కం సూటిగానే ఉంది. ఆస్తిలో వాటా లేదు కాబట్టి ఆడపిల్లను ఏదో ఒకటి ఇచ్చి పంపాలనే ఆచారం బలపడింది. వాటా ఇస్తే ఆ ఆచారానికి ఆధారం పోతుంది. మనం చేసిందేమిటి? ఆచారాన్ని అలాగే ఉంచుకున్నాం, పైగా పెంచుకున్నాం. వాటా అడిగే రోజు రాగానే ఆ ఆచారాన్నే రసీదుగా చూపిస్తున్నాం. జబ్బుకి ఇచ్చిన మందుని, జబ్బు ఉంది కాబట్టి వద్దనడం లాంటిది ఈ వాదన.

సరే, పెళ్లప్పుడు డబ్బు ఇచ్చిన మాట నిజమే అనుకుందాం. ఆ డబ్బుకి చట్టంలో ఏ పేరు పెట్టాలి? మూడే దారులున్నాయి. మొదటిది, అది కట్నం. అలాగైతే 1961 నాటి వరకట్న నిషేధ చట్టం కింద తీసుకోవడమే కాదు, ఇవ్వడమూ నేరమే. కట్నం ఇస్తామని చేసుకున్న ఒప్పందం చెల్లదని అదే చట్టంలోని అయిదో సెక్షన్ చెబుతోంది. చెల్లని ఒప్పందం కింద, నేరంగా ఇచ్చిన డబ్బుని చూపించి ఇంకొకరి హక్కు రద్దయిందనడం ఏ న్యాయసూత్రానికీ అందదు. రెండో దారి, అది కట్నం కాదు, ఎవరూ అడక్కుండా ప్రేమగా పెట్టిన కానుక అనడం. చాలామంది ఈ దారే పడతారు. కానీ ఆస్తి బదిలీ చట్టం ప్రకారం కానుకకు ప్రతిఫలం ఉండకూడదు, ఉంటే అది కానుకే కాదు. ప్రతిఫలం లేకుండా ఇచ్చినదాన్ని ఇరవై ఏళ్ల తర్వాత వాటాకు ఖరీదు అనడం ఎలా? మూడోది, అది వాటా బదులు ఇచ్చిన సొమ్మే అని ఒప్పుకోవడం. అప్పుడు తండ్రి స్వార్జితం విషయంలో ఒక చిక్కు వస్తుంది. తండ్రి బతికుండగా ఆయన స్వార్జితంలో కూతురికి ఉన్నది హక్కు కాదు, ముందుముందు వారసత్వం రావచ్చన్న ఆశ మాత్రమే. అలాంటి ఆశను బదిలీ చేయడం కుదరదని అదే ఆస్తి బదిలీ చట్టం ఆరో సెక్షన్ చెబుతోంది. ఉమ్మడి ఆస్తిలో అయితే కూతురికి ఉన్నది నిజమైన హక్కే, వదులుకోవడమూ కుదురుతుంది. కానీ స్థిరాస్తిలో హక్కు వదులుకోవాలంటే రిజిస్టరైన దస్తావేజు కావాలి. మూడు దారుల్లో ఏది పట్టుకున్నా, పెళ్లి పందిట్లో చేతులు మారిన డబ్బు వాటాను మింగలేదు.

ఈ రిజిస్ట్రేషన్ సంగతి దగ్గర మన న్యాయబుద్ధిలోని ద్వంద్వం బాగా బయటపడుతుంది. పసుపు కుంకుమల కింద కూతురికి ఎకరమో అరెకరమో ఇచ్చామని నోటిమాటగా చెప్పడం మనకు పాత అలవాటు. ఆ కూతురు రేపు ఆ పొలం తనదని కోర్టుకి వెళితే మొట్టమొదట అడిగేది రిజిస్టరైన దాన దస్తావేజు ఎక్కడ అనే. అది లేకపోతే దానం చెల్లదని అన్నదమ్ముల తరఫు వకీలే గట్టిగా వాదిస్తాడు, అతని వాదన చట్టప్రకారం సరైనదే. ఆ అన్నదమ్ములే వాటా దగ్గరకు వచ్చేసరికి మాత్రం కాగితం లేని, రసీదు లేని, సాక్షుల జ్ఞాపకంలో తప్ప ఎక్కడా లేని నగదుని చూపించి లెక్క తీరిపోయిందంటారు. 2005 సవరణ ఈ ఎత్తుని ముందే ఊహించినట్టుంది. పాత పంపకాలను కదపబోమని చెబుతూనే, 2004 డిసెంబరు 20కి ముందు రిజిస్టరైన దస్తావేజు ద్వారానో కోర్టు డిక్రీ ద్వారానో జరిగిన పంపకాలకే ఆ రక్షణ ఇచ్చింది. ఎప్పుడో నోటిమాటగా పంచుకున్నామన్న వాదనను మామూలుగా ఒప్పుకోకూడదనీ, ప్రభుత్వ రికార్డుల వంటి గట్టి ఆధారాలున్న అరుదైన సందర్భాల్లోనే పరిశీలించాలనీ వినీతా శర్మ తీర్పు కూడా హెచ్చరించింది. పట్టాదారు పాసుపుస్తకం అన్న పేరున ఉంది కదా అన్నా అది జవాబు కాదు. రెవెన్యూ రికార్డులో పేరు మారడం శిస్తు వసూలుకీ పరిపాలనకీ ఉపయోగపడేది. అంతమాత్రాన హక్కు పుట్టదు, పోదు అని సుప్రీంకోర్టు అనేకసార్లు చెప్పింది.

ఇక లెక్క సంగతి. తండ్రి తన జీవితకాలంలో పిల్లలకు ఇచ్చినవన్నీ వాటాలో తరుగు పెట్టాలన్నది తప్పుడు సూత్రమేమీ కాదు. కొన్ని దేశాల చట్టాల్లో అది ఉంది. కానీ అలా పెట్టాలంటే అందరికీ పెట్టాలి. కొడుకు ఇంజనీరింగ్ సీటుకి కట్టిన డొనేషను, అమెరికా చదువుకి తీర్చిన అప్పు, వ్యాపారం పెట్టుకోవడానికి ఇచ్చిన పెట్టుబడి, అతను కాపురం ఉంటున్న ఇంటికి పోయించిన స్లాబు, అతని పెళ్లికి చేసిన ఖర్చు, ఇవన్నీ ఆ చిట్టాలోకి రావాలి. ఆ పెళ్లిలో కోడలి వైపు నుంచి వచ్చిన సొమ్ము జమ వైపు పడాలి. ఇన్నేళ్లుగా పొలం మీద వచ్చిన కౌలు, పంట, బోరు వేయించిన ఖర్చు అన్నీ లెక్కకు రావాలి. ఇవేవీ చూపకుండా కూతురి పద్దు ఒక్కటే చదివే లెక్కని ఏ ఆడిటరూ ఒప్పుకోడు. ధరల సంగతి మరీ విచిత్రం. పాతికేళ్ల కిందట ఇచ్చిన లక్షల రూపాయలని అన్న నేటి విలువకు హెచ్చవేసి చెబుతాడు, పొలాన్ని మాత్రం అప్పటి ధరకే లెక్క కడతాడు. హిందూ వారసత్వ చట్టం ఇలాంటి తరుగుకి ఎక్కడా చోటివ్వలేదు. క్రైస్తవులు తదితరులకు వర్తించే 1925 నాటి భారత వారసత్వ చట్టం ఇంకా స్పష్టంగా మాట్లాడింది. వీలునామా లేకుండా పోయిన వ్యక్తి తన బతుకులో బిడ్డకిచ్చిన డబ్బుని ఆ బిడ్డ వాటా లెక్కలోకి తీసుకోకూడదని దాని 49వ సెక్షన్ చెబుతోంది. గోవా పౌరస్మృతి పూర్తిగా వేరు. అయినా 2023లో అక్కడి ఒక కుటుంబ ఆస్తి కేసులో బొంబాయి హైకోర్టు, కట్నం ఇచ్చారనే అనుకున్నా అంతమాత్రాన కుటుంబ ఆస్తిలో కూతుళ్ల హక్కు పోదని తేల్చింది. మతం మారినా, రాష్ట్రం మారినా జవాబు మారలేదు.

అసలు ఆ కట్నం ఎవరి చేతికి వెళ్లింది? ఆస్తిలో వాటా కూతురి పేరున ఉంటుంది. కట్నం మాత్రం అల్లుడి చేతికో వియ్యంకుడి చేతికో వెళుతుంది. అక్కడ ఆ ఇంటి ఆడపడుచు పెళ్లికి ఖర్చవుతుంది, లేదా పాత బాకీలకు పోతుంది. ఈ సంగతి చట్టానికి తెలుసు కాబట్టే వరకట్న నిషేధ చట్టంలోని ఆరో సెక్షన్ ఒక విచిత్రమైన ఏర్పాటు చేసింది. కట్నం ఎవరు తీసుకున్నా అది పెళ్లికూతురి సొత్తే, తీసుకున్నవాళ్లు ఆమె తరఫున ధర్మకర్తలుగా ఉంచి మూడు నెలల్లోగా ఆమెకు అప్పగించాలి, అప్పగించకపోతే శిక్ష. ఈ సెక్షన్ ప్రకారం కట్నం తిరిగి కూతురి చేతికి వచ్చిన ఇళ్లు ఎన్ని ఉన్నాయో ఎవరికి వారు తమ బంధువర్గంలోనే లెక్కపెట్టుకుంటే సరిపోతుంది. వేరొకరు తిన్న సొమ్ముని ఈమె ఖాతాలో రాసి, ఈమె వాటా కోయడం ఎవరి న్యాయం? ‘అక్కడ మెట్టినింట్లో వాటా వస్తుంది కదా’ అన్న సమాధానమూ చెల్లదు. 2005 సవరణ కోడలికి భర్త ఉమ్మడి కుటుంబంలో పుట్టుక హక్కు ఇవ్వలేదు. భర్త బతికున్నంత కాలం అతని ఆస్తిలో ఆమెది వాటా కాదు, పోషణ హక్కు మాత్రమే. విడాకులైతే వారసత్వమూ ఉండదు. పుట్టింట్లో కట్నంతో తీరిపోయి, మెట్టినింట్లో ఇంకా మొదలుకాని హక్కుతో ఆడమనిషి ఏ ఆస్తి మీద నిలబడాలి? ఈ ప్రశ్న ఊహ కాదు. కేరళలోని తిరువనంతపురం జిల్లాలో ప్రదీప్ పాండా, బీనా అగర్వాల్ చేసిన అధ్యయనం 2005లో వెలువడింది. ఇల్లూ పొలమూ ఏదీ తమ పేరున లేని భార్యల్లో 49 శాతం మంది భర్త చేతిలో దెబ్బలు తిన్నామని చెప్పగా, రెండూ ఉన్నవాళ్లలో ఆ సంఖ్య 7 శాతం. అధ్యయనం ఒక్క జిల్లాదే. అయినా, నాలుగు గోడలూ కాస్త పొలమూ ఆడమనిషికి ఎలాంటి రక్ష అవుతాయో దాన్నిబట్టి తెలుస్తుంది.

‘అమ్మానాన్నల్ని చూసుకునేది కొడుకులు, వాటా మాత్రం కూతురికా?’ అన్నది గట్టి అభ్యంతరమే. దానికి రెండు జవాబులు. మొదటిది, చట్టం బాధ్యతని కూడా సమానంగానే పంచింది. తల్లిదండ్రుల్ని పోషించాల్సిన బాధ్యత పెళ్లయిన కూతురికీ ఉందని 1987లోనే సుప్రీంకోర్టు చెప్పింది. 2007 నాటి వయోవృద్ధుల సంక్షేమ చట్టంలో ‘పిల్లలు’ అంటే కొడుకులూ కూతుళ్లూ ఇద్దరూ. 2005 సవరణ కూడా ఉమ్మడి ఆస్తిలో హక్కులతో పాటు బాధ్యతలనీ కూతురి మీద సమంగా పెట్టింది. రెండోది, సేవని బట్టే వాటా ఇవ్వాలంటే ముందు కొడుకుల మధ్యే ఆ నియమం అమలు చేయాలి. అమెరికాలో స్థిరపడి అయిదేళ్లకోసారి వచ్చే కొడుక్కి, ఊళ్లో ఉండి మంచాన పడ్డ తండ్రిని చూసుకున్న కొడుక్కి సమంగా పంచే పెద్దమనుషులు, కూతురి దగ్గరే సేవ లెక్క తీస్తున్నారంటే అది సేవ గురించిన వాదన కాదు. నిజంగా చూసుకున్న బిడ్డకి ఎక్కువ ఇవ్వాలని ఉంటే తల్లిదండ్రులు తమ స్వార్జితంలోంచి రాసివ్వొచ్చు, చట్టం అడ్డుపడదు.

‘పొలం ముక్కలైపోతుంది, అల్లుడు మన గట్టు మీదకి వస్తాడు’ అన్నది మరో భయం. ఇద్దరు కొడుకులుంటే పొలం రెండు ముక్కలవుతుంది, నలుగురుంటే నాలుగు. అప్పుడు ముక్కల గురించి ఎవరూ బాధపడరు. వాటా అంటే కచ్చితంగా గట్టు వేసుకోవడమే కానక్కర్లేదు. దాని విలువ సొమ్ముగా ఇచ్చి పొలం అన్నదమ్ముల దగ్గరే ఉంచుకోవచ్చు. బయటివాళ్లు వస్తారన్న భయానికీ చట్టంలో మందుంది. వారసుల్లో ఒకరు తమ వాటా అమ్మదలిస్తే మిగతా వారసులకు ముందుగా కొనే హక్కుని హిందూ వారసత్వ చట్టం 22వ సెక్షన్ ఇచ్చింది. అది వ్యవసాయ భూమికీ వర్తిస్తుందని 2019లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అంటే కుటుంబ భూమి కుటుంబంలోనే ఉండాలనుకునే అన్నకి చట్టబద్ధమైన దారి ఉంది. ఆ దారిలో నడవాలంటే చెల్లెలికి ధర చెల్లించాలి, అంతే. దేశంలో సాగు కమతాల నిర్వాహకుల్లో ఆడవాళ్లు సుమారు 14 శాతమేనని 2015-16 వ్యవసాయ గణన చెప్పింది. పొలంలో నాట్లు వేసే చేతులు, కలుపు తీసే చేతులు ఎవరివో తెలిసిన దేశంలో కమతం పుస్తకంలో కనిపించే సంఖ్య ఇది.

చివరి అభ్యంతరం అన్నిటికంటే మెత్తనిది, అందుకే ఎక్కువ పనిచేస్తుంది. ‘వాటా అడిగితే పుట్టిల్లు పోతుంది. పండక్కి పిలుపు, పిల్లల పెళ్లికి సారె, కష్టమొస్తే ఒక గుమ్మం, ఇవన్నీ పోతాయి.’ ఈ భయం ఆడవాళ్లలో నిజంగా ఉంది, దాన్ని తేలిగ్గా తీసేయడానికి లేదు. కానీ అది ఏం ఒప్పుకుంటోందో గమనించండి. అన్నదమ్ముల ఆప్యాయతకు ధర ఉందనీ, ఆ ధర చెల్లెలి వాటా అనీ ఒప్పుకుంటోంది. సరిహద్దు గట్టు మీద ఇద్దరు అన్నదమ్ములు కోర్టుకెక్కితే ఎవరూ ఒకణ్ణి ఇంటి పరువు తీశావనరు, హక్కు కోసం పోరాడుతున్నాడంటారు. చెల్లెలు అదే కోర్టు మెట్లెక్కితే బంధం తెంచిందంటారు. బంధాన్ని తెంచింది అడిగినామెనా, ఇవ్వననివాడా? ఇంకొక మాట కూడా వస్తుంది: ‘ఆమే సంతకం పెట్టింది.’ తండ్రి పోయాక, అన్నీ తెలిసి, ఇష్టపూర్వకంగా, రిజిస్ట్రారు ముందు రిలీజ్ డీడ్ రాసిస్తే అది ఆమెను కట్టేస్తుంది, అందులో సందేహం లేదు. కర్మకాండల హడావుడిలో, ‘బ్యాంకు పనికి’ అనో ‘పాసుపుస్తకానికి’ అనో చెప్పి తెల్లకాగితం మీద, నోటరీ ముద్ర కింద పెట్టించుకున్న సంతకం మాత్రం హక్కుని తీసేయలేదు. మోసంతో, ఒత్తిడితో తీసుకున్నదైతే రిజిస్టరైన దస్తావేజునైనా ప్రశ్నించవచ్చు. అలా ప్రశ్నించడానికి డబ్బు లేదనుకునే ఆడవాళ్లు తెలుసుకోవాల్సింది ఒకటుంది: 1987 నాటి న్యాయ సేవల సంస్థల చట్టం ప్రకారం ఆదాయంతో నిమిత్తం లేకుండా ప్రతి మహిళకూ ఉచిత న్యాయసాయం పొందే అర్హత ఉంది. ప్రతి జిల్లాలోనూ దానికో సంస్థ ఉంది.

ఇంతా చెప్పాక చట్టం హద్దులు కూడా చెప్పడం న్యాయం. ఉమ్మడి ఆస్తిలో తన వాటా మేరకూ, స్వార్జితం మొత్తం మీదా వీలునామా రాసే హక్కు తండ్రికి ఉంది. ఆ వీలునామాలో కూతురి పేరు లేకపోతే ఆమెకు రాదు. 2004 డిసెంబరు 20కి ముందు చట్టబద్ధంగా జరిగిన అమ్మకాలు, రిజిస్టరైన పంపకాలు అలాగే నిలుస్తాయి. పసుపు కుంకుమల కింద కూతురి పేరున రిజిస్టరు చేసి ఇచ్చిన పొలం ఎలాగూ ఆమెదే. ‘ఇది నీ వాటా కింద ఇస్తున్నాం’ అని రాసి, ఆమె ఒప్పుకుని సంతకం చేసిన దస్తావేజు ఉంటే దాని విలువ వేరు. అంటే కూతురికి ముందే ఇచ్చి లెక్క తేల్చాలనుకునే తండ్రికి చట్టం దారి మూసేయలేదు. ఏం ఇస్తున్నామో, దేని బదులు ఇస్తున్నామో, ఎవరి చేతికి ఇస్తున్నామో కాగితం మీద రాసి, రిజిస్టరు చేసి, ఆమె కళ్లెదుట తేల్చమంటోంది. కట్నం ఈ మూడింటిలో ఒక్కటీ చేయదు.

‘పెళ్లప్పుడే ఇచ్చేశాం’ అన్న మాట ఇన్ని తరాలుగా నిలబడటానికి కారణం కూడా అందులోనే ఉంది. ఆ మాట వల్ల కూతురిని వారసత్వం నుంచి తప్పించే పని ఎవరూ చేయకుండానే జరిగిపోతుంది. తండ్రి ‘నా కూతురికి ఇవ్వను’ అని రాయనక్కర్లేదు, అన్న ‘నా చెల్లెలి వాటా నేను తీసుకుంటున్నాను’ అని ఒప్పుకోనక్కర్లేదు, పెద్దమనుషులు ‘ఆడదానికి అక్కర్లేదు’ అని పైకి చెప్పనక్కర్లేదు. కట్నం మీదకి తోసేస్తే చాలు. ఆ వెసులుబాటు పోవాలి. ఇకమీదట పంపకాల దగ్గర కూర్చునే ఎవరైనా ఈ మాట ఎత్తినప్పుడు ఆ కట్నం దస్తావేజు చూపించమని, కొడుకుల మీద పెట్టిన ఖర్చుల చిట్టా కూడా పక్కన పెట్టమని అడగాలి. రెండూ చూపలేని కుటుంబానికి మిగిలేవి రెండే: కూతురికి సమాన వాటా ఇవ్వడం, లేదా తనదైన ఆస్తి మేరకు తండ్రి వీలునామాలో ఆమెను తప్పించానని తన చేత్తో సంతకం చేసి ఆ నిర్ణయం తనదని ఒప్పుకోవడం.